నాబ్ వదిలితే హీటర్ ఆరిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: చలి మొదలైందని, కిందటేడు మూలన పెట్టేసిన చిన్న ప్రొపేన్ హీటర్‌ని మళ్లీ బయటికి తీశాను. నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపు పైలట్ మంట (మొదట అంటుకునే చిన్న మంట) ఉంటోంది, వదలగానే ఆరిపోతోంది. పదే పదే ప్రయత్నిస్తే ఎప్పుడో ఒకసారి నిలబడుతోంది. నిలబడినా పది పదిహేను నిమిషాలకు తనంతట తానే ఆగిపోతోంది. ముందున్న ప్లేటు కూడా ఒక పక్కే ఎర్రబడుతోంది, రెండో పక్క నల్లగానే ఉంటోంది. తెలిసినాయన ఒకరు "ఆ సెన్సర్ వైరు డైరెక్ట్ చేసేయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు. అలా చేయవచ్చా? లేకపోతే సూదితో బెజ్జాలు పొడిచి శుభ్రం చేస్తే సరిపోతుందా? దీన్ని మా అమ్మగారి గదిలో పెడుతుంటాను, అందుకే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు మీ చివరి రెండు ప్రశ్నలకు జవాబు. వైరు డైరెక్ట్ చేయకండి. సూది పెట్టకండి. ఈ రెండింట్లో ఏది చేసినా హీటర్ వెలుగుతుందేమో గానీ, అలా వెలిగే హీటర్‌ని మనిషి ఉన్న గదిలో పెట్టకూడదు. మీరు రాసిన లక్షణాలన్నీ కలిపి చూస్తే ఇది చాలావరకు దుమ్ము పని. మీ హీటర్ మోడల్‌తో వచ్చిన పుస్తకం, కాస్త ఓపిక, ఒక మధ్యాహ్నం ఉంటే మీరే సరిచేసుకోవచ్చు. అయితే అది ఎందుకు ఆగుతోందో తెలుసుకున్నాకే చేయి పెట్టండి. ఎందుకంటే మీది రెండు వేర్వేరు ఫిర్యాదులు. నాబ్ వదలగానే ఆరిపోవడం ఒకటి, కాసేపు వెలిగి ఆగడం మరొకటి. రెండింటికీ కారణం ఒకటే కావచ్చు, కాకపోవచ్చు కూడా.

మీరు నాబ్ నొక్కినప్పుడు గ్యాస్ దారిని మీ వేలి బలమే తెరిచి పట్టుకుంటుంది. వేలు తీశాక ఆ పని వాల్వు లోపలున్న ఒక చిన్న విద్యుదయస్కాంతం చేయాలి. దానికి కావలసిన కరెంటు థర్మోకపుల్ నుంచి వస్తుంది. పైలట్ మంట పక్కన సన్నటి లోహపు పుల్ల కనిపిస్తుంది చూడండి, అదే. రెండు వేర్వేరు లోహాలను కలిపి చేసిన ఆ పుల్ల కొస మంటలో కాలితే 20 నుంచి 30 మిల్లీవోల్టుల దాకా విద్యుత్తు పుడుతుంది. టార్చిలైటులో వేసే ఒక సెల్‌తో పోలిస్తే యాభయ్యో వంతుకు మించదు. ఇంత తక్కువ కాబట్టే మంట కొంచెం పక్కకు వాలినా, పుల్ల కొసకు మసి పట్టినా, వైరు కొస దగ్గర తుప్పు చేరినా అయస్కాంతానికి పట్టు చాలదు. మీరు వేలు తీయగానే 'టిక్' మని వదిలేస్తుంది.

గదుల్లో వాడుకోవడానికి అనుమతి ఉన్న హీటర్లలో ఈ పైలట్ మంటకే ఇంకో బాధ్యత కూడా ఉంటుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది. తలుపులు మూసిన గదిలో హీటర్ మండేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది. దాదాపు 18 శాతానికి దిగేసరికి పైలట్ మంట తన మూతి నుంచి పైకి లేచి, థర్మోకపుల్‌ను తాకడం మానేస్తుంది. పుల్ల చల్లబడుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, గ్యాస్ ఆగిపోతుంది. ఇందులో చిప్ గానీ బ్యాటరీ గానీ లేవు. ఆ మంటే సెన్సర్. అందుకే దాని మూతి కొలత, గాలి పీల్చే బెజ్జం కొలత ఫ్యాక్టరీలో ఎంతో లెక్కగా పెడతారు.

ఇప్పుడు మీ తెలిసినాయన సలహా చూద్దాం. థర్మోకపుల్ కరెంటు పుట్టే చోటు. దాని వైర్లు రెండూ కలిపేస్తే వాల్వుకు కరెంటే అందదు, హీటర్ అసలు నిలబడదు. ఆయన ఉద్దేశం బహుశా హీటర్ పడిపోతే దాన్ని ఆపే స్విచ్ గురించి అయ్యుంటుంది. కొందరు దాని వైర్లు కలిపేస్తారు. ఇంకొందరు వాల్వుని బయటి నుంచే నొక్కి ఉంచేలా ఏదో ఒకటి బిగిస్తారు. మొదటి పని చేస్తే హీటర్ దుప్పటి మీద బోర్లా పడినా మండుతూనే ఉంటుంది. రెండో పని చేస్తే మంట ఆరిపోయాక కూడా గ్యాస్ గదిలోకి వస్తూనే ఉంటుంది. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. నేల మీద, మంచం కింద, మూలల్లో చేరి కదలకుండా ఉండిపోతుంది. గాలిలో 2 శాతానికి కాస్త పైన కలిసినా చాలు, అంటుకోవడానికి. ఆయన మీ మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఈ మాట వినకండి.

హీటర్‌ని విప్పే ముందు ఒక పరీక్ష చేయండి. దీనికి పనిముట్లు అక్కర్లేదు. హీటర్‌ని ఆరుబయట, ఈదురుగాలి తగలని చోట, చదునైన నేల మీద పెట్టి వెలిగించండి. పైలట్ అంటుకున్నాక నాబ్‌ని అరనిమిషం దాకా నొక్కే ఉంచండి. చాలామంది అయిదారు సెకన్లకే వదిలేస్తారు, చల్లటి థర్మోకపుల్‌కు అది చాలదు. సిలిండర్ కొత్తగా బిగించి ఉంటే గొట్టంలో ఉన్న గాలి పోయి గ్యాస్ రావడానికి ఇంకాసేపు పడుతుంది. అంటుకోకపోతే వెంటనే మళ్లీ మళ్లీ కొట్టకుండా, నాబ్ ఆఫ్ చేసి అయిదు నిమిషాలు ఆగండి. చేరిన గ్యాస్ పోవాలి కదా.

బయట అరగంట నికరంగా మండి, గదిలో పెట్టగానే పదిహేను నిమిషాలకు ఆగిపోతోందంటే హీటర్‌లో లోపం లేదు, గదిలోనే గాలి చాలడం లేదు. అది ఆగి అమ్మగారికి మేలు చేస్తోందన్నమాట. అప్పుడు చేయాల్సింది హీటర్ శుభ్రం కాదు, గదికి గాలి దారి. బయట కూడా అలాగే ఆగుతుంటే మాత్రం తప్పు హీటర్‌లోనో సిలిండర్‌లోనో ఉంది. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న కొండ ప్రాంతమైతే అక్కడి గాలే పలచన, కొన్ని మోడళ్లు ఏ లోపం లేకుండానే ఆగిపోతాయి. ఎంత ఎత్తు దాకా పనిచేస్తుందో పుస్తకంలో రాసి ఉంటుంది.

ఎలా ఆగుతోందో కూడా గమనించండి. 'టిక్' మని ఒక్కసారిగా ఆగితే అది రక్షణ వాల్వు పని. ఎరుపు నెమ్మదిగా తగ్గి, మంట చిన్నదై, చివరికి ఆరిపోతే సిలిండర్‌ని అనుమానించాలి. సిలిండర్‌ని చేత్తో తాకి చూడండి. కింది భాగం చల్లగా ఉండి, దాని మీద తెల్లటి మంచుపొర పట్టి ఉంటే సంగతి తెలిసిపోతుంది. లోపలున్న ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని సిలిండర్ నుంచే లాక్కుంటుంది. ప్రొపేన్ -42 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి చలిలోనూ ఆవిరవుతుంది, కానీ ఒత్తిడి తగ్గిపోతుంది. 20 డిగ్రీల వేడిలో సిలిండర్ లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి 8 రెట్ల పైచిలుకు ఉంటే, సున్నా డిగ్రీల దగ్గర 5 రెట్లు కూడా ఉండదు. చిన్న సిలిండర్, అందులోనూ సగం ఖాళీ అయినది, పెద్ద మంట మీద పెడితే ఇలా చతికిలబడుతుంది. మంట తగ్గించి వాడండి, లేదా హీటర్ పుస్తకం ఒప్పుకుంటే పెద్ద సిలిండర్ పెట్టండి. వేడినీళ్లు పోయడం, దీపం దగ్గర పెట్టడం వంటివి మాత్రం ఎన్నడూ చేయకండి. సిలిండర్‌ని పడుకోబెట్టి వాడకూడదు కూడా, ఆవిరికి బదులు ద్రవమే గొట్టంలోకి వచ్చేస్తుంది.

సిలిండర్ మీద ప్రొపేన్ అనే రాసి ఉందో లేదో కూడా చూడండి. చాలాచోట్ల వంటకు వాడే గ్యాస్‌లో బ్యూటేన్ కలుస్తుంది. బ్యూటేన్ మరిగేది -0.5 డిగ్రీల దగ్గర, అంటే గట్టి చలిలో అది ద్రవంగానే ఉండిపోతుంది. పైగా దానికి కావలసిన గాలి పాలు వేరు. ప్రొపేన్ కోసం చేసిన హీటర్‌లో అది సరిగా మండదు, మసి పెడుతుంది.

పెద్ద సిలిండర్‌కి గొట్టం వేసి వాడేవాళ్లు ఇంకో చిన్న విషయం గుర్తుంచుకోవాలి. సిలిండర్ వాల్వుని ఒక్క ఊపున తిప్పి తెరిస్తే, గొట్టం తెగిందేమో అనుకుని లోపలున్న రక్షణ బిళ్ల గ్యాస్‌ని దాదాపు మూసేస్తుంది. హీటర్ నీరసంగా మండుతుంది, మనమేమో బర్నర్ చెడిందనుకుంటాం. అన్నీ ఆఫ్ చేసి, గొట్టం విప్పి, మళ్లీ బిగించి, వాల్వుని నెమ్మదిగా తెరవండి.

ఇవన్నీ అయ్యాక పైలట్ మంటని కళ్లతో చూడండి. నా లెక్కలో ఇదే అసలు పరీక్ష. వెలుతురు తక్కువగా ఉన్న చోట, ముఖం మరీ దగ్గర పెట్టకుండా చూడాలి. ఆరోగ్యంగా ఉన్న మంట నీలంగా, మొన తేలి, మూతి నుంచి గట్టిగా చిమ్ముతున్నట్టు వచ్చి థర్మోకపుల్ కొసని చుట్టేస్తుంది. దుమ్ము పట్టిన మంట వేరు. పసుపు రంగులో, మెత్తగా, అటూ ఇటూ ఊగుతూ, పుల్లని తాకీ తాకనట్టు పైకి లేస్తుంది. నాబ్ వదిలితే ఆరిపోయే హీటర్లలో ఎక్కువ సార్లు కనిపించేది ఈ రెండో రకమే.

పసుపు మంటకి మూలం పైలట్ గొట్టం పక్కనుండే గాలి బెజ్జం. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. మంట వచ్చే మూతికి కొంచెం వెనక, గొట్టం గోడకి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపల గ్యాస్ వేగంగా పోతున్నప్పుడు ఆ రంధ్రంలోంచి గాలిని లోపలికి లాక్కుంటుంది. గాలితోపాటు నేల మీది నుసి, దుప్పట్ల నూగు, పెంపుడు జంతువుల వెంట్రుకలు కూడా వస్తాయి. కొన్ని నెలలు మూలన ఉంటే సాలెపురుగులు లోపల గూడు కట్టేస్తాయి. టార్చి వేసి చూస్తే అంచుల్లో బూడిద రంగు నూగు ఒక పొరలా అతుక్కుని కనిపిస్తుంది. ఆ పిసరంత నూగు తీసేస్తే ఎన్నో హీటర్లు బాగుపడతాయి.

ఇక శుభ్రం చేసే పద్ధతి. హీటర్ పూర్తిగా చల్లారాలి. సిలిండర్ తీసేసి దూరంగా, బయట పెట్టండి. గొట్టంలో మిగిలిన గ్యాస్ పోయేలా ఆరుబయట నాబ్‌ని కాసేపు తెరిచి మూయండి. దగ్గరలో ఎక్కడా మంట ఉండకూడదు. ముందున్న తీగల జాలీని మరలు విప్పి తీయండి. ప్రతి దశలో ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు తికమక ఉండదు.

మెత్తటి పెయింట్ బ్రష్‌తో ముందు పైపైన దుమ్ము దులపండి. తర్వాత కంప్యూటర్ కీబోర్డులు శుభ్రం చేయడానికి వాడే గాలి డబ్బా తీసుకుని, దాని సన్నటి గొట్టాన్ని ఆ గాలి బెజ్జానికి ఎదురుగా పెట్టి చిన్న చిన్న విడతల్లో కొట్టండి. ఆ తర్వాత మంట వచ్చే మూతి వైపు నుంచి కొట్టండి. డబ్బాని నిటారుగానే పట్టుకోవాలి, వంచితే గాలికి బదులు చల్లటి ద్రవం పడుతుంది. కొన్ని డబ్బాల్లో వాడే వాయువు అంటుకునే రకం, కాబట్టి వెంటనే వెలిగించకుండా బాగా ఆరనివ్వండి. నోటితో ఊదితే తడి చేరుతుంది, అది వద్దు. కంప్రెసర్ గాలి వాడాల్సి వస్తే ఒత్తిడి బాగా తగ్గించుకోండి.

గాలితో పోని జిడ్డు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండిన ఇయర్ బడ్‌తో మూతి చుట్టూ తుడవండి. పైలట్ మూతిని విప్పగలిగే మోడల్ అయితే దాన్ని ఆల్కహాల్‌లో కాసేపు నానబెట్టి, గాలి కొట్టి, పూర్తిగా ఆరాకే బిగించండి. బ్రేకులు, కార్బ్యురేటర్లు శుభ్రం చేసే స్ప్రేలు కొందరు వాడతారు. వాటిలో క్లోరిన్ కలిసిన రకాలు ఉంటాయి, మిగిలిన చుక్క మంటలో కాలితే విషవాయువు పుడుతుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కూడా లోపల జిడ్డు మిగిల్చి, దుమ్ముని ఇంకా పట్టుకుంటాయి.

సూది ఎందుకు వద్దన్నానో ఇక్కడ చెప్పాలి. పైలట్ మూతిలోని గ్యాస్ రంధ్రం సూది మొన కూడా పట్టనంత సన్నం. దాని చుట్టూ ఉన్నది మెత్తటి ఇత్తడి కావచ్చు, పెళుసు రాయి కావచ్చు. సూదో సన్న తీగో పెట్టి తిప్పితే రంధ్రం కొంచెం పెద్దదవుతుంది. కంటికి కనిపించేంత తేడా ఉండదు, కానీ గ్యాస్ ఎక్కువ పోతుంది, మంట పసుపవుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆక్సిజన్ తగ్గినప్పుడు సరిగ్గా లేచిపోవాల్సిన మంట ఇక ఆ లెక్క పాటించదు. హీటర్ బాగానే వెలుగుతుంది, మీరు బాగైందనే అనుకుంటారు, కాపాడాల్సిన రోజున మాత్రం అది ఆగదు. గాలితో, ఆల్కహాల్‌తో తెరుచుకోని మూతిని మార్చేయడమే మంచిది. పైలట్, థర్మోకపుల్ కలిపి ఒకే భాగంగా దొరుకుతుంది. మీ మోడల్ నంబరుకి సరిపోయేదే తీసుకోవాలి.

థర్మోకపుల్ కొస మీద మసి ఉంటే నున్నటి ఎమరీ కాగితంతో లేదా మెత్తటి స్టీల్ ఊలుతో మెరుపు వచ్చేదాకా మెల్లగా రుద్దండి. వంచకండి, మంటకి దాని ఎడం మారకూడదు. దాని రెండో కొస వాల్వులోకి వెళ్లే చోట నట్టు వదులైందేమో చూడండి. వేళ్లతో బిగించి, ఆపైన స్పానర్‌తో పావు చుట్టు తిప్పితే చాలు. గట్టిగా బిగిస్తే లోపలి భాగం నలిగిపోతుంది. వైరు కొసలు గుచ్చే రకమైతే తీసి, తుడిచి, మళ్లీ బిగుతుగా పెట్టండి. పడిపోతే ఆపే స్విచ్ కూడా ఇదే దారిలో ఉంటుంది కాబట్టి దాని వైర్ల కొసలూ తుడవండి. హీటర్‌ని కాస్త కదిపితే చాలు, ఆగిపోతుంటే అనుమానం ఈ స్విచ్ మీదకే పోవాలి. చేతిలో మల్టీమీటర్ ఉంటే, మంట తగులుతుండగా థర్మోకపుల్ ఎంత ఇస్తోందో చూడవచ్చు. నీలిమంట బాగా తగులుతున్నా 20 మిల్లీవోల్టులకు చాలా కింద ఉంటే దాని పని అయిపోయినట్టే, మార్చండి.

నిప్పురవ్వ రాని సమస్య మీకు లేదు కాబట్టి దాని గురించి ఒక్క మాట. నొక్కితే టక్కుమని చప్పుడు వచ్చి రవ్వ కనబడకపోతే, రవ్వ ఇచ్చే తెల్లటి పింగాణీ పుల్ల పగిలిందేమో, దాని కొస పైలట్ మూతికి దూరంగా వంగిందేమో చూస్తే చాలు.

ఒక పక్కే ఎర్రబడుతున్న ప్లేటు సంగతికి వద్దాం. అది సన్నటి రంధ్రాలున్న పింగాణీ పలక. గ్యాస్, గాలి ముందే కలిసి ఆ రంధ్రాల్లోంచి వచ్చి పలక పైపొరలో మండుతాయి. అందుకే అంతా ఒకే నారింజ ఎరుపులో ఉండాలి. ఒక పక్క నల్లగా ఉందంటే అటు రంధ్రాలకు దుమ్ము పట్టి ఉండాలి, లేదా బర్నర్‌కి గాలి, గ్యాస్ కలిపి పంపే వెడల్పాటి గొట్టంలో ఏదో అడ్డం పడి ఉండాలి. సాలెగూడు కావచ్చు, కుమ్మరిపురుగు కట్టిన మట్టిగూడు కావచ్చు. పైలట్ బలహీనంగా ఉండి, పలక కూడా సగమే ఎర్రబడుతోందంటే ఒకే దుమ్ము రెండు చోట్లా చేరిందన్న నా అనుమానం బలపడుతోంది. ఆ గొట్టం వెనక వైపు మూతి దగ్గర టార్చి వేసి చూడండి. సన్నటి సీసాలు కడిగే మెత్తటి బ్రష్‌తో తీయండి, గాలి కొట్టండి.

పలక జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్లండి. పొడి పెయింట్ బ్రష్‌తో పైపైన దులపడం, వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని కాస్త దూరంగా పెట్టి పీల్పించడం, అంతవరకే. నీళ్లు, సబ్బు, ఇనుప బ్రష్ వద్దు. గాలి డబ్బా దగ్గర పెట్టి కొడితే పలక చిట్లవచ్చు. సన్నటి గీత లాంటి పగులు కనిపించినా సరే, ఆ పలకతో వెలిగించకండి. పగులులోంచి మంట వెనక్కి పోయి గొట్టం లోపలే మండుతుంది. అలాంటప్పుడు టప్‌మని చప్పుడు, ఆ వెంటనే బుస్సుమనే హోరు వినిపిస్తాయి. అది వినగానే సిలిండర్ కట్టేయండి.

పెద్ద సిలిండర్ నుంచి రబ్బరు గొట్టం ద్వారా వాడుతున్నట్లయితే, హీటర్ వైపు కొసని విప్పి లోపల వేలితో తడిమి చూడండి. నూనెలా జిడ్డు తగిలితే అది గొట్టం రబ్బరులోంచి ఊరినది. పూర్తి ఒత్తిడిలో గ్యాస్ గొట్టంలో నిలిచినప్పుడు రబ్బరుని మెత్తగా ఉంచే పదార్థాలు కరిగి, హీటర్ రెగ్యులేటర్‌లోకీ పైలట్ మూతిలోకీ చేరతాయి. ఎంత శుభ్రం చేసినా మళ్లీ మూసుకుపోయే హీటర్లకు తరచూ ఇదే కారణం. ఇలా వాడేవాళ్లకోసం తయారీదారులు ఫిల్టర్లు, ఈ జిడ్డు ఊరని గొట్టాలు సూచిస్తారు. వాడకం అయ్యాక గొట్టంలో గ్యాస్ నిలవ ఉంచకుండా సిలిండర్ తీసేయడమూ మంచిదే.

అన్నీ బిగించాక లీక్ పరీక్ష తప్పనిసరి. ముందు సిలిండర్ బిగించే చోటున్న రబ్బరు వాషర్ చిట్లిందేమో చూడండి. సబ్బునీళ్లు నురగ వచ్చేలా కలిపి, ఆరుబయట సిలిండర్ తెరిచి, బిగింపు ఉన్న ప్రతిచోటా బ్రష్‌తో రాయండి. నాబ్ మొదట్లో, గొట్టం రెండు కొసల్లో కూడా. బుడగ ఉబ్బుతుంటే అక్కడ లీక్ ఉన్నట్టు. ఆపి, మళ్లీ బిగించి చూడండి. అయినా వస్తే ఆ హీటర్‌ని గ్యాస్ పరికరాలు బాగుచేసే మనిషికి ఇవ్వండి. అగ్గిపుల్ల వెలిగించి లీక్ వెతికేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. వాసన మీదే ఆధారపడటం కూడా సరికాదు. ప్రొపేన్‌కి సొంత వాసన లేదు, తెలియడానికే ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. దాన్ని కాసేపు పీలిస్తే ముక్కు అలవాటుపడి పసిగట్టడం మానేస్తుంది.

మొదటిసారి వెలిగించడం బయటే. కొత్త దుమ్ము కాలి కాసేపు వాసన వస్తుంది, అది పోతుంది. పైలట్ నీలంగా, పలక అంతా ఒకే రంగులో, అరగంట ఆగకుండా మండితే పని అయినట్టే. శుభ్రం చేశాక కూడా మంట పసుపుగా ఉండి జాలీ మీద మసి పడుతుంటే, లేదా నాబ్ బిగుసుకుపోతుంటే, ఇక మీరు ప్రయత్నించకండి. మసి అంటే గ్యాస్ సగం కాలుతోందని, సగం కాలిన గ్యాస్ అంటే కార్బన్ మోనాక్సైడ్.

ఇక అమ్మగారి గది. హీటర్ మీద గదుల్లో వాడవచ్చని స్పష్టంగా రాసి ఉంటేనే లోపలికి తీసుకెళ్లండి. సిలిండర్ నెత్తిన నేరుగా కూర్చునే హీటర్లు, ఫిరంగి గొట్టంలా మంట ఊదే హీటర్లు బయట పనులకు చేసినవి. ఒక కిలో ప్రొపేన్ కాలితే దాదాపు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్, కిలోన్నరకు పైగా నీటి ఆవిరి గదిలోకి వస్తాయి. కిటికీ అద్దాలకు చెమట పట్టడం దాని గుర్తే. కాబట్టి నేల దగ్గర ఒకటి, పైన ఒకటి గాలి దారులు తెరిచే ఉండాలి. ఎంత తెరవాలో పుస్తకంలో కొలతతో ఇస్తారు. మంచం, దుప్పట్లు, కర్టెన్లు హీటర్ ముందు నుంచి కనీసం మీటరు దూరంలో ఉండాలి. ఆవిడకు ఆక్సిజన్ పెట్టే అవసరం ఉంటే ఆ గదిలో ఏ మంటా వద్దు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ఆక్సిజన్ తగ్గితే ఆగే ఏర్పాటు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టదు. ఆక్సిజన్ సరిపడా ఉన్న గదిలో కూడా చెడిపోయిన బర్నర్ ఆ విషాన్ని పుట్టించగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అందుకే గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి, దాని బటన్ నొక్కి పనిచేస్తోందని చూసుకోండి. ఆవిడ పడుకునే ముందు గది వెచ్చబెట్టి, నిద్రపోయేలోపు ఆపేయండి. తలనొప్పి, తల తిరగడం, వికారం, ఎక్కడలేని మత్తు అని ఆవిడ అంటే వయసు వల్లనో జలుబు వల్లనో అనుకోకండి. ఆ గదిలో ఉన్న అందరికీ ఒకేసారి అలా ఉన్నా, బయటికొస్తే తగ్గుతున్నా, అనుమానం హీటర్ మీదే. ముందు మనుషుల్ని బయటికి తీసుకురండి, ఆ తర్వాత అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి.

చలికాలం అయ్యాక సిలిండర్ తీసి, దాన్ని నిటారుగా, ఇంటి బయట, గాలి ఆడే చోట ఉంచండి. హీటర్‌ని పూర్తిగా చల్లార్చి, దులిపి, ఉతికిన దిండు గలేబులో పెట్టి మూతి కట్టేయండి. గొట్టం తగిలించే కొసకి మూత ఉంటే పెట్టండి, లేకపోతే శుభ్రమైన గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఇదంతా చేశాక కూడా ఆగుతుంటే పైలట్ మంట రంగు, ఎంతసేపటికి ఆగింది, 'టిక్' మని ఆగిందా నెమ్మదిగా ఆరిందా, ఆ సమయానికి సిలిండర్ ఎంత చల్లగా ఉంది, ఈ నాలుగూ రాసి పంపండి. మోడల్ పేరు కూడా చేర్చండి.